తోడికోడలి బరువు

పోయిన వారం మనం పెద్దకోడలిని చక్రం గది తలుపు బయట వదిలిపెట్టాం. కుట్టుమిషను మీద సగం కుట్టిన చొక్కాను అలాగే వదిలేసి, తలైనా దువ్వుకోకుండా, ఊరికి ఆ చివరనున్న ఓడల రేవు దాకా వచ్చిందామె. పక్కింటావిడ ప్రహరీ మీదుగా తల పెట్టి, "మీ ఆయనా, మీ తోడికోడలూ రోజూ మధ్యాహ్నం చక్రం గదిలోకెళ్ళి తలుపేసుకుంటున్నారట, ఏంటమ్మా అంత పని?" అని అడిగింది మరి. అలా అడిగాక ఏ ఇల్లాలు మిషను ముందు కూర్చోగలదు? తలుపుకు చెవి ఆనిస్తే లోపలి నుంచి మొగుడి గొంతు వినిపించింది. "భయపడకు. నువ్వు తట్టుకోగలవు."

కథలోకి ఇప్పుడే అడుగుపెడుతున్నవాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఈ నేల మీద మనుషులు కాపురాలు పెట్టి ఏడు తరాలయింది. ఇక్కడ బరువు తక్కువ. పాత నేల మీద ఒక మూట మోసే ఓపికతో ఇక్కడ మూడు మూటలు మోయవచ్చు. అందుకేనేమో, మోసే ఒళ్ళు మెల్లగా లేకుండా పోయింది. మొదట వచ్చినవాళ్ళ పిల్లలు రివటల్లా పొడుగ్గా పెరిగారు. ఆ పిల్లల్లో ఈ పలచటి గాలికి నిలిచిన గుండె గలవాళ్ళూ, కాన్పుకు నిలిచిన నడుము గలవాళ్ళూ పిల్లల్ని మిగిల్చారు. తక్కినవాళ్ళు పేరు కూడా మిగల్చలేదు. అలా తరం మీద తరం జల్లెడ పడుతూ వచ్చింది. ఇప్పుడు ఇక్కడ పుట్టినవాళ్ళ మణికట్లు సన్నం, ఎముకలు తేలిక, ఛాతీ వెడల్పు. సూర్యుడు దూరం కాబట్టి కళ్ళు పెద్దవి. మసకలో కూడా సూదిలోకి దారం ఎక్కించగలరు. పరుగెత్తడం ఎవరికీ రాదు. ఒక అంగ వేసి గాల్లో కాసేపు సాగి, తర్వాత ఇంకో అంగ వేస్తారు. పెద్దకోడలు అచ్చం అలాంటి మనిషి. పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఒడి నిండలేదు. "నీ నడుము కాన్పును మోయదమ్మా, ఆశ పెట్టుకోకు" అని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పేసింది.

చిన్నకోడలు మాత్రం పాత నేల నుంచి వచ్చింది. యంత్రాలు బిగించే పని మీద ఓడలో దిగి, నీటిగొట్టాలు వేసే చిన్నకొడుకును కట్టుకుని ఈ ఇంట్లో కాలు పెట్టింది. పొట్టి మనిషి, గట్టి మనిషి. వీధి పిల్లలు ఆమెకు బరువమ్మ అని పేరు పెట్టారు.

కాలు పెట్టిన నాటి నుంచే ఆమె పెద్దకోడలికి కంట్లో నలుసయింది. చిన్నకోడలు నడిస్తే ఇల్లంతా దబదబమని చప్పుడు. ఆ చప్పుడు విని అత్తగారు మురిసిపోయి, "అబ్బ, ఇంట్లో మనిషి తిరుగుతున్నట్టుంది" అన్నది. మరి ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో తిరిగింది మనిషి కాక మరేమిటి, కిటికీలోంచి వచ్చిపోయే గాలా? అత్తగారికి మోకాళ్ళు పట్టేస్తే చిన్నకోడలు రెండు చేతులతో పసిపిల్లలా ఎత్తుకుని స్నానాల గదికి తీసుకుపోయేది. పెద్దకోడలు తువ్వాలు పట్టుకుని వెనకాల వెళ్ళేది. మొగుడు కూడా ఈ మధ్య అన్నం దగ్గర నవ్వుతున్నాడు. అంతకుముందు ఆయనకు నవ్వు వచ్చనే సంగతే ఎవరికీ తెలియదు. వీటన్నిటి మీద ఇప్పుడు చిన్నకోడలికి అయిదో నెల. కాపురానికొచ్చి ఏడాదయిందో లేదో, అప్పుడే అయిదో నెల!

ఆ కడుపు మంటలో పెద్దకోడలు చేసిన చిన్న పని ఒకటుంది. తోడికోడలికి కొత్త జాకెట్టు కుడుతూ చంక దగ్గర కావాలనే ఒక వేలు మందం బిగించి కుట్టింది. చిన్నకోడలు దాన్ని నోరెత్తకుండా తొడుక్కుంది. సాయంత్రానికి చంక కింద ఎర్రగా వాత తేలింది. ఆ వాతను చూసి ఆ పూట పెద్దకోడలికి కాస్త చల్లబడింది. మర్నాటికి మళ్ళీ మామూలే.

సరే. తలుపు దగ్గర వదిలాం కదా. పెద్దకోడలు తలుపు తోసింది.

లోపల అనుకున్నదేమీ లేదు. లేకపోయేసరికి ఆమెకు ఏం చేయాలో తోచలేదు. గది నడుమ ఇనప స్తంభం, స్తంభానికి పొడుగాటి చెయ్యి, ఆ చేతి చివర ఒక కుర్చీ. పాత నేలకు తిరిగి వెళ్ళేవాళ్ళను ఇందులో కూర్చోబెట్టి తిప్పుతారు. తిరిగే కొద్దీ ఒంటి మీద అక్కడి బరువు పడుతుంది. అలవాటు చేసుకోకుండా వెళితే దిగిన చోటే కూలబడిపోతారు. కుర్చీలో చిన్నకోడలు పట్టీలు బిగించుకుని కూర్చుంది. అద్దానికి ఇవతల, పిడి దగ్గర, చక్రం నడిపే పెద్దకోడలి మొగుడు. ఇద్దరి మధ్యా ఓ నిలువెత్తు మందపాటి అద్దం. మొగుడి చెయ్యి పిడి మీదుంది. చిన్నకోడలి రెండు చేతులూ పొట్ట మీదున్నాయి.

"తలుపెందుకేసుకున్నారు?" అంది పెద్దకోడలు.

"దుమ్మొస్తే చక్రం పట్టేస్తుంది," అన్నాడు మొగుడు. నిజమే చెప్పాడు. కానీ చూపు నేల మీద పెట్టి చెప్పాడు.

"రోజూ పట్టేస్తోందా?"

చిన్నకోడలు పట్టీలు విప్పుకోకుండానే గొంతు పెంచి చెప్పింది. "బావగారినేమీ అనకక్కా. నేనే కాళ్ళావేళ్ళా పడి ఒప్పించా. నేను వెళ్ళిపోతున్నా."

"ఎక్కడికి?"

"మా ఊరికి. పాత నేలకి. వచ్చే ఓడలో చోటు దొరికింది. ఇక్కడికొచ్చాక నా ఎముక కూడా పలచబడిందంట. అందుకని రోజూ కాసేపు కూర్చుంటున్నా. ఇన్నాళ్ళూ ఇక్కడి బరువు మీద ఇంకాస్త మాత్రమే. ఇవాళే పూర్తి బరువు పెడదామన్నారు."

"మరిదికి తెలుసా?"

"ఓడెక్కాక తెలుస్తుంది."

పెద్దకోడలి గుండెలో ఎవరో కిటికీ రెక్కలు తెరిచినట్టయింది. వెళ్ళిపోతుందట. ఆ దబదబ ఉండదు. అత్తగారు మళ్ళీ "పెద్దదానా" అని పిలుస్తుంది. అన్నం దగ్గర మొగుడు నవ్వకపోయినా పరవాలేదు, తన మొగుడు తన మొగుడిలా ఉంటాడు. పొట్టా, పొట్టలో ఉన్నదీ, రెండూ కళ్ళ ముందు నుంచి పోతాయి. ఇంత సంతోషం మొహంలో కనపడకుండా దాచుకోవడం ఆమెకు కష్టమైపోయింది.

"మంచిది. జాగ్రత్తగా వెళ్ళు," అని వెనక్కి తిరిగింది.

తలుపు దాకా వచ్చింది. గడియ మీద చెయ్యి వేసింది. అక్కడ ఆగిపోయింది.

నిన్న పొద్దున కుట్టిన కోటు ఇవ్వడానికి ఆసుపత్రికి వెళితే డాక్టరమ్మ ఆమెను పక్కకు పిలిచింది. "మీ తోడికోడలు రమ్మంటే రావట్లేదు, నువ్వైనా చెప్పు. పరీక్షలో తేలింది. బిడ్డకి అంతా తండ్రి పోలికే. ఎముక మనది, గుండె మనది, పక్కటెముకలు మనవి. నీలాంటి ఒళ్ళే అనుకో. తల్లిది పాత ఒళ్ళు కాబట్టి కాన్పుకి ఢోకా లేదు. కానీ ఆ బిడ్డను పాత నేలకి తీసుకెళ్ళే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దను. అక్కడి బరువు కింద దాని రొమ్ము పైకి లేవదు. బరువులెత్తడం, చక్రంలో తిరగడం లాంటివీ వద్దు." పెద్దకోడలు తలూపి ఇంటికి వచ్చింది. వచ్చి, ఎవరికీ చెప్పలేదు. చెబితే అత్తగారు మళ్ళీ తోడికోడలి చుట్టూ తిరుగుతూ, కాలు కింద పెట్టనివ్వదు. ఆ వైభోగం ఒక్క రోజైనా ఆగనీ అనుకుని మాట మింగేసింది.

ఇప్పుడు ఈ గడియ తీసి ఇంటికి వెళ్ళిపోతే చాలు. తను ఎవరినీ ఏమీ చేసినట్టు కాదు. ఆమె గడియ మీద నుంచి చెయ్యి తీసేసింది.

"ఆగండి. పిడి వదలండి ముందు," అంది మొగుడితో. తర్వాత తోడికోడలి వైపు తిరిగి, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పింది.

చిన్నకోడలు చివరి దాకా విని నవ్వింది. నవ్వుతూనే ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఎప్పుడు చెప్పింది?"

"నిన్న."

"నిన్నటి నుంచి ఒకే వంటింట్లో ఉన్నాం కదక్కా. రాత్రి పక్కపక్కన కూర్చుని తిన్నాం కదా. పొద్దున నీ మిషనుకి నూనె పోసింది నేనే. అప్పుడు గుర్తు రాలేదా?"

పెద్దకోడలి చూపు తోడికోడలి జాకెట్టు చంక మీద పడి పక్కకు తిరిగింది.

"నేనంటే నీకు పడదు. నాకు తెలుసు. ఈ జాకెట్టు తొడుక్కోగానే తెలిసింది. విప్పి వదులు చేసుకోవడం నాకు రాదా? చేసుకుంటే నీకు తెలిసిపోతుందని, తెలిస్తే నీ మొహం నువ్వు చూసుకోలేవని ఊరుకున్నా. ఇప్పుడేమో బిడ్డను తీసుకెళ్ళొద్దంటున్నావు. బిడ్డను ఇక్కడ పెట్టేసి నేను పోవాలి, అంతేగా?"

"నేనలా అనలేదు."

"అనక్కర్లేదు. నువ్వు నా పొట్టకేసి చూసే చూపే చెబుతుంది. నాకు నీ మీద ఎంత కుళ్ళో నీకేం తెలుసు? నువ్వు మెట్లు దిగుతుంటే చీర జారినట్టు దిగుతావు. నేను అడుగేస్తే ఎగిరిపోయి తల చూరుకి కొట్టుకుంటుంది. ఏడాది నుంచి పగలకొట్టని గిన్నె లేదు. దీపం తగ్గిస్తే నువ్వు బట్టలు కుడతావు, నేను గోడలు తడుముతా. రేపు బిడ్డ పుడుతుంది. నీలా ఎగురుతుంది, నీలా చూస్తుంది. నాకు కనపడని నక్షత్రాల్ని చూపించి 'పెద్దమ్మా, అదేంటి' అని నిన్నడుగుతుంది. వీధిలో నిన్ను తల్లనుకుంటారు, నన్ను పనిమనిషి అనుకుంటారు. అక్కడికెళితే అది నాలా గట్టిపడుతుంది. నాదవుతుంది."

"గట్టిపడాలంటే ముందు ఊపిరుండాలి కదే!"

"నువ్వు చెప్పావని నమ్మాలా? బావగారూ, తిప్పండి."

మొగుడు ఇద్దరి మొహాలూ చూశాడు. "అక్కడి ఆడవాళ్ళంతా ఆ బరువులోనే కంటున్నారు కదా," అన్నాడు ఎటూ కాకుండా.

పెద్దకోడలు అద్దం పక్క తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి, తోడికోడలి పట్టీలు తనే విప్పింది. "దిగు."

"దిగను."

"దిగి అద్దం అవతల నిలబడు. నేను కూర్చుంటా. నాలాంటి ఒళ్ళే దానిదని చెప్పింది డాక్టరమ్మ. నా మాట నమ్మొద్దు. నన్ను చూసి నమ్ము."

చిన్నకోడలు ఒక్క క్షణం ఆమెను ఎగాదిగా చూసింది. ఇదంతా బెదిరింపే అనుకుందేమో, దిగి అవతలికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది. పెద్దకోడలు కూర్చుంది. కుర్చీ పొట్టివాళ్ళ కోసం చేసింది. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"నీకేమైనా మతి పోయిందా?" మొగుడు అరిచాడు. "ఇక్కడ పుట్టినవాళ్ళు దీంట్లో కూర్చోరు. ఇన్నేళ్ళుగా నడుపుతున్నా, నేనే ఎప్పుడూ కూర్చోలేదు."

"ఇన్ని రోజులు ఆవిడ కోసం తిప్పారు కదా. నా కోసం ఒక్కసారి తిప్పండి."

"చచ్చిపోతావే."

"నన్ను తిప్పకపోతే దాన్ని తిప్పుతారు. లోపలున్నదానితో సహా. ఎవర్ని తిప్పుతారో చెప్పండి."

ఆయన పిడిని వెంట్రుకవాసి కదిపాడు.

మొదట ఏమీ తెలియలేదు. గది నెమ్మదిగా జరిగింది, అద్దం వచ్చి వెళ్ళింది. తర్వాత బుగ్గలు కిందికి జారాయి. జడ బరువెక్కి నెత్తిని వెనక్కి లాగింది. కుర్చీ చేతుల మీద పెట్టిన తన చేతులు తడిసిన బట్టల మూటల్లా అయిపోయాయి, ఎత్తబోతే లేవలేదు. ఇంతేనా, ఇంత బరువుతోనా వీళ్ళు పుట్టేది, నడిచేది, పెళ్ళిళ్ళు చేసుకునేది? అందుకేనన్నమాట ఆ అడుగులకు అంత చప్పుడు. ఇంత మోసిన కాళ్ళు మరి! ఇంకా తిరిగింది. గాలి లోపలికి పోవడానికి రొమ్ము లేవాలి, లేవలేదు. ఎవరో పెట్టె తెచ్చి గుండెల మీద పెట్టి, దాని మీద ఇంకో పెట్టె పెట్టినట్టుంది. అద్దం దగ్గరకు వచ్చినప్పుడల్లా తోడికోడలు కనిపించి మాయమవుతోంది. ఒకసారి చేతులు కట్టుకుని ఉంది. ఒకసారి పొట్ట పట్టుకుని ఉంది. ఆ తర్వాతి చుట్టులో రెండు అరచేతులూ అద్దానికి ఆనించి, నోరు తెరిచి ఏదో అరుస్తోంది.

పక్కటెముకల్లో ఎక్కడో దారం తెగినట్టు టప్‌మని వినబడింది. నొప్పి తర్వాత వచ్చింది.

"ఆపండి బావగారూ! ఆపండి, ఆపండి!"

ఆయన అప్పటికే పిడి వెనక్కి లాగేశాడు. బరువు చూపే ముల్లు సగం గీత ఇంకా దాటనేలేదు.

చక్రం ఆగీ ఆగకముందే చిన్నకోడలు దబదబా లోపలికి వచ్చింది. పట్టీలు తెంచినంత పని చేసి, తనకన్నా మూరెడు పొడుగున్న మనిషిని రెండు చేతుల మీద ఎత్తుకుంది. పెద్దకోడలి నోటి వెంట సన్నగా గాలి వస్తోంది, మాట రావట్లేదు. ఆ చేతులు ఎంత నిబ్బరంగా ఉన్నాయో! ఇలా ఎత్తుకుంటే అత్తగారు మురిసిపోవడంలో వింతేముంది? అంత నొప్పిలోనూ ఆ సంగతి తలకెక్కి పెద్దకోడలికి ఒళ్ళు మండింది.

"నమ్మానక్కా, నమ్మాను," చిన్నకోడలు ఏడుస్తోంది. "ఇది ఎక్కను. బిడ్డతో ఓడెక్కను."

మొగుడు వచ్చి పెళ్ళాం నుదుటి మీద చెయ్యి వేయబోయి, వేయవచ్చో కూడదో తెలియక మధ్యలో ఆగిపోయాడు. "మీ ఇద్దరి మధ్యా నలగలేక ఒప్పుకున్నానే," అన్నాడు. "నువ్వు రాత్రుళ్ళు గోడవైపు తిరిగి కళ్ళు తెరుచుకుని పడుకుంటావు. ఆవిడెళ్ళిపోతే నిద్రపోతావనుకున్నా."

ఆయనకు తెలుసన్నమాట. ఇన్నాళ్ళూ తెలిసి ఊరుకున్నాడన్నమాట. పెద్దకోడలు సిగ్గుతో కళ్ళు మూసుకుంది.

"కనేదాకా ఉంటా," అంది చిన్నకోడలు. గొంతు మారింది. ఏదో తేల్చుకున్న మనిషి గొంతు. "ఆ తర్వాత ఒక్కదాన్నే వెళ్ళిపోతా. ఈ గాలి నాకు చాలదు. అది ఎగురుతుంటే కింద నిలబడి చూస్తూ బతకలేను. దాని ఒళ్ళు నీ ఒళ్ళు కదా. నువ్వు పెంచు."

వద్దనాలి. అలాంటి మాటలు మాట్లాడకే అనాలి. బిడ్డ తల్లిని పట్టుకుని అలా అనడమే మర్యాద. కానీ పెద్దకోడలి లోపల మొదట లేచింది సంతోషం. విరిగిన ఎముకను కూడా లెక్కచేయకుండా లేచింది. దాన్ని చూసి ఆమెకే భయం వేసింది. భయం వేసేలోపే నోరు పలికేసింది.

"సరే."

"పంచుకోవడం అయిపోయిందా వదినా?"

ముగ్గురూ తలుపు వైపు చూశారు. గొట్టాలు బిగించే సంచీ భుజాన వేసుకుని మరిది నిలబడి ఉన్నాడు. పక్కింటావిడ అతని చెవిన కూడా వేసింది కాబోలు. ఎంత సేపటి నుంచి నిలబడ్డాడో ఎవరూ గమనించలేదు. ఇక్కడి మనుషుల అడుగులకు చప్పుడుండదు మరి.

"నా బిడ్డను నువ్వు ఇచ్చేశావు," అన్నాడు పెళ్ళాంతో. "మీరు పుచ్చేసుకున్నారు," అన్నాడు వదినతో. కోపం లేదు గొంతులో. సంచీ కింద పెట్టాడు. "నన్నెవరూ ఏమీ అడగలేదు. పోన్లే. నేను అడగాల్సింది ఒకటే." పెళ్ళాం కళ్ళలోకి చూశాడు. "నువ్వు పుట్టిన చోటికి నేను రాగలనా లేదా? ఏడాది నుంచీ అడగాలనుకుంటున్నా. నువ్వేం చెబుతావోనని భయమేసి అడగలేదు. ఇప్పుడు నిన్నడగక్కర్లేదు. అడగడానికి కుర్చీ ఉంది."

వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. వదిన ఒంటి వేడి ఇంకా ఆరని పట్టీలు తన ఛాతీ మీద బిగించుకున్నాడు.

"అన్నయ్యా, తిప్పు. వదిన సగం దాకా కూడా తట్టుకోలేదు. నేను ఎంత దాకా తట్టుకుంటానో చూడాలి."

"పోరా, లే!"

"నువ్వు తిప్పకపోతే రేపు నేనే వచ్చి తిప్పుకుంటా. అప్పుడు ఆపడానికి ఎవరూ ఉండరు."

తన కోసం ఎవరైనా అలా కూర్చుంటారా అనుకుంది పెద్దకోడలు. మొగుడు పిడి తిప్పాడు, నిజమే, ఆపాడు, అదీ నిజమే. కానీ ఆ కుర్చీలో కూర్చుంటాడా? పెద్దకోడలు తోడికోడలి అడుగుల చప్పుడుకు కుళ్ళుకుంది, అత్తగారి ముద్దుకు కుళ్ళుకుంది, అయిదో నెలకు కుళ్ళుకుంది. ఇప్పుడు పడిన కుళ్ళు ముందు అవన్నీ దిగదుడుపే.

అయినా గొంతు కూడదీసుకుంది. "నన్ను కింద పడుకోబెట్టు," అంది చిన్నకోడలి చెవిలో. "పడుకోబెట్టి వెళ్ళి వాణ్ణి లాగెయ్. నీకొక్కదానికే ఆ బలముంది. వెళ్ళు."

చిన్నకోడలు ఆమెను దింపలేదు. అడుగు కూడా వేయలేదు. కుర్చీలో ఉన్న మొగుణ్ణి రెప్ప వేయకుండా చూస్తోంది. ఎంత దాకా తట్టుకుంటాడో ఆమెకూ చూడాలని ఉంది.

అన్నయ్య చెయ్యి పిడి మీద పడింది.